పెరుగన్నం పిల్లికి, టారిన్ డబ్బా అబ్బాయికి

మా కడపలో పిల్లిని సాకే ఇళ్లు పెరిగినందుకు సంతోషమే కానీ, వాటికి పెడుతున్నది చూస్తే ఒళ్లు మండుతోంది. పొద్దున పాలన్నం, రాత్రి పెరుగన్నం. అడిగితే, "మా ఇంట్లో నీసు వండమండీ, దానికీ ఇదే అలవాటైపోయింది" అంటారు. అదే ఇంటి అబ్బాయి ఏడురోడ్ల దగ్గర ఎనర్జీ డ్రింక్ కొని, 250 మిల్లీలీటర్ల డబ్బాతో సుమారు 1000 మిల్లీగ్రాముల టారిన్ (గుండెకూ కంటికీ కావలసిన, మాంసంలో దొరికే పోషకం) కడుపులో వేసుకుని వస్తాడు.

ఆ అబ్బాయికి దాని అవసరమే లేదు. మనిషి కాలేయం సిస్టీన్, మెథియోనీన్ అనే అమైనో ఆమ్లాల నుంచి టారిన్‌ను తానే తయారు చేసుకుంటుంది. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టనివారి రక్తంలో అది కొంత తక్కువగా ఉన్నా అడుగంటదు, ఎందుకంటే మూత్రపిండాలు దాన్ని బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతాయి. డబ్బా తాగితే రక్తంలో మోతాదు గంట, గంటన్నరలో పైకి లేచి, మరికొన్ని గంటల్లో దిగిపోతుంది; మిగులు మూత్రంలో పోతుంది, డబ్బూ దానితోపాటే.

పిల్లి కాలేయానికి ఆ తయారీ శక్తి చాలా తక్కువ. పైగా పైత్యరసంలోని ఆమ్లాలతో జతకట్టడానికి మనం గ్లైసిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని కూడా వాడుకుంటాం గాని, పిల్లి టారిన్‌నే ఖర్చు చేయాలి. అందులో కొంత పేగుల్లోని సూక్ష్మజీవుల పాలవుతుంది. అందుచేత గిన్నెలో లేనిది కొన్ని వారాల్లోనే రక్తంలోనూ తగ్గిపోతుంది. అన్నంలో టారిన్ లేదు, ఆవుపాలలో ఉన్నది నామమాత్రం. ఈ లోపంతో పిల్లి రెటీనా (కంటి లోపలి తెర) దెబ్బతింటుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో పరిశోధకులు చూపారు. ఆ రెండోసారి జబ్బుపడిన పిల్లులు తిన్నది పెరుగన్నం కాదు, కంపెనీల మేతే! టారిన్ అందిస్తే గుండె చాలావరకు కోలుకుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

ఇంట్లో నీసు వండకపోతే పోనీయండి, టారిన్ కలిపిన పిల్లి మేత కొనండి. పొడి మేతలో కనీసం 0.1 శాతం, డబ్బా మేతలో 0.2 శాతం (రెండూ తేమ తీసేసిన లెక్కలో) ఉండాలన్నది అమెరికా ప్రమాణం. వండగలిగినవారు చికెన్ అంగడిలో కోడి గుండెకాయలు అడగండి, వాటిలో టారిన్ బాగా ఉంటుంది. ఉడికించిన నీళ్లు మాత్రం పారబోయకండి, టారిన్ చాలావరకు అందులోకే దిగుతుంది. అయితే గుండెకాయలు ఒక్కటే పూర్తి తిండి కాదు, అలాగని రోజూ కార్జమే (కాలేయమే) పెడితే విటమిన్ ఎ మితిమీరుతుంది.

చౌక అని కుక్క మేత తెచ్చి పిల్లికి పోయడం మరో తప్పు. కుక్క సాధారణంగా టారిన్ తానే తయారు చేసుకుంటుంది కనుక, దాని మేతలో పిల్లికి సరిపడా కలిపి ఉండాలన్న నియమం లేదు.