జిప్పుతో వచ్చిన తంటా

ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. బల్లకి అటువైపు సైన్సు వాళ్లిద్దరు, హెచ్ఆర్ మేడమ్ ఒకరు. మొదటి పావుగంట బాగానే గడిచింది కాబట్టి దాని గురించి చెప్పేదేమీ లేదు.

అప్పుడు మేడమ్ అన్నారు: "పీసీఆర్ అంటే ఏంటో, సైన్సు రాని నాకు అర్థమయ్యేలా చెప్పండి. రెండు నిమిషాల్లో." అనేసి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారు.

నా దగ్గర రాత్రంతా రుబ్బిన పోలిక ఉంది. పీసీఆర్ అంటే డీఎన్ఏకి కాపీలు తీయడం. డీఎన్ఏ అంటే జిప్పు. 95 డిగ్రీలకి వేడి చేస్తే రెండు పట్టీలూ విడిపోతాయి. తర్వాత కాస్త చల్లార్చి ఎంజైమ్‌కి అప్పగిస్తే ఒక్కో పట్టీకి జత పట్టీ అల్లుతుంది. (అల్లిక ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలుంటాయి, ప్రైమర్లని. వాటి సంగతి మింగేశాను.) ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు... 30 సార్లు తిప్పితే 100 కోట్లు దాటుతుంది. నోటితో చెప్పి ఊరుకోవచ్చు. చేసి చూపించబుద్ధయింది.

ఒళ్లో ఉన్న బ్యాగు జిప్పు లాగాను. సగంలో ఆగింది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించని జిప్పు అది. మనిషి టెన్షన్ జిప్పులకి తెలిసిపోతుందని నా గట్టి నమ్మకం. ఇంకాస్త బలంగా లాగాను. రన్నర్ ఊడి చేతికొచ్చింది. బ్యాగు నోరు తెరిచి సర్టిఫికెట్లు, దువ్వెన, రాత్రి సాధన చేసిన కాగితం అన్నీ కక్కేసింది. ఆ కాగితం వెళ్లి సరిగ్గా మేడమ్ కాళ్ల దగ్గరే పడాలా? దాని మీద ఎర్ర ఇంకుతో 'ఇక్కడ నవ్వాలి' అని రాసుకున్నాను. ముగ్గురూ వంగి చదివారు.

నేను నవ్వాను.

అంతవరకూ నిద్రమొహంతో ఉన్న సైన్సు సారొకాయన ఉన్నట్టుండి హుషారయ్యారు. "ఆ రన్నర్ హెలికేజ్ అనుకోవాలా?" కణంలో డీఎన్ఏని విప్పేది హెలికేజ్. మామూలు పీసీఆర్‌లో దానితో పని లేదు, వేడే విప్పుతుంది.

"అందుకే ఊడబీకాను సార్" అన్నాను. ఇంత సమయస్ఫూర్తి నాకు మళ్లీ రాదు. ఎవరూ నవ్వలేదు. వాళ్ల కాగితాల్లో రాసిలేదు కాబోలు.

ఈసారి మేడమ్ ఫోన్ పక్కన పెట్టి అడిగారు: "అంత వేడికి మరి ఎంజైమ్ పాడవదా?" ఆ రోజు మొత్తానికి మంచి ప్రశ్న అదే. వేడినీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియా నుంచి తెచ్చిన టాక్ ఎంజైమ్ కథ చెబితే గది గదంతా నాదయ్యేది. కానీ అప్పుడు నేను బల్ల కింద దువ్వెన కోసం వెతుకుతున్నాను. "పాడవదు మేడమ్" అన్నాను, అక్కణ్నుంచే.

సాయంత్రం మెయిల్ వచ్చింది. 'సాంకేతిక లోతు చాలదు' అట. రెండు నిమిషాల్లో సైన్సు లేకుండా చెప్పమన్నదెవరండీ?

రన్నర్ వాళ్ల బల్ల మీదే మర్చిపోయాను. అడుగుతూ మెయిల్ పెట్టాలా వద్దా అని చూస్తున్నా.