చూద్దాంలే వైద్యం: ఒక సమర్థన

పంటి నొప్పికి ఏం చేయాలంటే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లమంటారు తెలిసీ తెలియనివాళ్లు. లోకంలో అంతకంటే ఎక్కువ మంది నమ్ముకున్న వైద్యం ఇంకొకటుంది. దానికి ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. పేరు ‘చూద్దాంలే’. ఇంతటి ఆదరణ ఉన్న వైద్యానికి ఇప్పటిదాకా ఒక్క శాస్త్రీయ సమర్థన కూడా రాకపోవడం అన్యాయం కనుక, ఆ భారం నేను తలకెత్తుకుంటున్నాను.

ఈ వైద్యానికి మూలసూత్రం: నొప్పి లేకపోతే జబ్బు లేదు. పంటి పైపొర ఎనామిల్, ఒంట్లో ఎముక కంటే కూడా గట్టి పదార్థం. నోట్లో కాపురముండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని తాము కూడా తిని ఆమ్లం వదులుతాయి. పంటి మీద పీహెచ్ (ఆమ్లానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట) సుమారు 5.5 కంటే దిగితే ఆ గట్టి పొరలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని కొంత పూడ్చగలదు, కాకపోతే దానికి తీరిక ఇవ్వాలి. గంటగంటకీ ఏదో ఒకటి నోట్లో వేసుకునేవాళ్ల దగ్గర దానికి తీరికెక్కడిది? ఎనామిల్‌లో నరం ఉండదు కాబట్టి ఎంత కరిగినా మనకు కబురు రాదు. కబురు రాలేదు కాబట్టి అంతా క్షేమం.

ఇక్కడ పురుగును కూడా తలచుకోవాలి. పంటిని పురుగు తొలిచేస్తుందని వేల ఏళ్ల నాటి మెసొపొటేమియా వాళ్లే మట్టి పలకల మీద రాసుకున్నారు. 1728లో పియర్ ఫొషార్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు పెద్ద గ్రంథం రాసి ఆ పురుగు కథను తోసిపుచ్చాడు. అయినా మనం పురుగును వదులుకోలేదు. తప్పు మోయడానికి అది ఉంటే, రాత్రి పళ్లు తోముకోకుండా పడుకున్నవాడి మీదకి మాట రాదు.

చల్లటి నీళ్లు తగిలి పన్ను జివ్వుమనడం తర్వాతి దశ. నీళ్లు మింగగానే అది పోతుంటే పంటి లోపలి గుజ్జు, అంటే నరాలూ రక్తనాళాలూ ఉండే మెత్తటి భాగం, ఇంకా కోలుకోగల స్థితిలోనే ఉందని వైద్యులంటారు. అప్పుడు వెళ్తే పుచ్చు గీకేసి, సిమెంట్ పెట్టి, ఒక్క పూటలో పంపేస్తారట. అంత చప్పగా ముగిసే వైద్యం ఎవరికి కావాలి? మన వైద్యంలో దీనికి మందు రెండో వైపు నమలడం. నోటికి రెండు వైపులున్నది ఇందుకే.

తర్వాతి దశ రాత్రిపూట వస్తుంది. పగలంతా గుర్తే లేని పన్ను, తల దిండుకు ఆనించగానే సలపరం మొదలుపెడుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఒత్తిడి పెరుగుతుంది. వాచిన గుజ్జు ఉబ్బుదామంటే చుట్టూ గట్టి గోడలు, ఎటూ సందు లేదు. మనిషి లేచి కూర్చుంటాడు, దవడ పట్టుకుని గదిలో తిరుగుతాడు. నాలుక మాత్రం ఎవరో పురమాయించినట్టు పదే పదే ఆ గుంటలోకే పోయి, అంచు ఎంత పదునుందో చూసి వస్తుంటుంది. లవంగం పెట్టుకుంటే కాసేపు తిమ్మిరెక్కుతుంది. అది ఉత్త నమ్మకం కాదు, అందులోని యూజినాల్ నిజంగానే మొద్దుబారుస్తుంది. ఉత్సాహవంతులు ఆస్పిరిన్ బిళ్లను నేరుగా చిగురుకు ఆనించి పెట్టుకుంటారు. తెల్లారేసరికి పంటి నొప్పితో పాటు చిగురు మీద తెల్లటి కాలిన మచ్చ అదనం. ఇంకొందరు అలమరలో ఎప్పుడో మిగిలిన యాంటీబయాటిక్ వెతుక్కుని మింగుతారు. గుజ్జు వాపుకు దానితో పని లేదు. చీము చేరినా చోటు శుభ్రం చేయకుండా బిళ్ల ఒక్కటే తీర్చదు. అయినా మందు మింగామన్న తృప్తి తక్కువదా?

ఆ తర్వాత ఒక శుభోదయాన నొప్పి మాయం. చూద్దాంలే వైద్యానికి పరమఫలం ఇదే. ‘చూశారా, దానంతటదే తగ్గిపోయింది’ అని నలుగురికీ చెప్పుకుంటాం. నిజానికి తగ్గింది జబ్బు కాదు, లోపలి గుజ్జు చచ్చిపోయింది. ఫిర్యాదిదారు కాలం చేశాడు కాబట్టి ఫైలు మూసేసినట్టు! సూక్ష్మజీవులు ఆ ఖాళీ దారిలో వేరు కొస దాకా నడుస్తాయి, వాటి ధాటికి అక్కడ ఎముక కరగడం మొదలవుతుంది. సిమెంట్‌తో పోయే పని, లోపలి గుజ్జు తీసేసి వేరు దారిని పూడ్చే రూట్ కెనాల్ దాకా, అదీ దాటితే పన్ను పీకించుకునే దాకా వస్తుంది.

చిగుళ్ల సంగతి ఇంకా సులువు, అవి సాధారణంగా నొప్పి కూడా పెట్టవు. బ్రష్ చేస్తుంటే నురుగు గులాబీ రంగులో పడుతుంది. రక్తం వచ్చిన చోట బ్రష్ ఆనించకూడదని మనం తీర్మానిస్తాం. అక్కడ పేరుకున్న పాచి వల్లే రక్తం వస్తోందనీ, రోజూ శుభ్రంగా తోమితే తొలిదశ వాపు కొద్ది వారాల్లో తగ్గుతుందనీ చెప్పేవాళ్లను నమ్మం. పాచి గట్టిపడి గార కట్టాక బ్రష్‌కు లొంగదు, క్లీనింగ్ చేయించాలి. అదేమో చేయిస్తే పళ్లు కదులుతాయట! పట్టి ఉంచే ఎముక అప్పటికే అరిగిపోయింది, గార పోగానే ఆ సంగతి బయటపడింది. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు. నింద మాత్రం క్లీనింగ్ చేసినవాడికి.

కుర్చీ అంటే భయమనేవాళ్లకు ఒక మనవి. 1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్స చేయొచ్చని జనం ముందు రుజువు చేసిన విలియం మోర్టన్ దంతవైద్యుడే. నొప్పి లేకుండా కోయడం లోకానికి చూపించిన వృత్తి అది. నొప్పికి భయపడి మనం పారిపోయేది సరిగ్గా వాళ్ల దగ్గర నుంచే.

ఈ వైద్యానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, అక్కడ వ్యంగ్యం పనికిరాదు. ముఖం గానీ దవడ కింద గానీ వాచి, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ వాపు గొంతులో గాలి దారిని మూసేయగలదు.

తక్కినవాళ్లు ఎప్పటికో ఒకప్పటికి కుర్చీ ఎక్కుతారు. వైద్యుడు ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టుకుంటాడు. వేరు కింద ఎముక కరిగి నల్లటి మచ్చ గుండ్రంగా కనిపిస్తుంది, ఒక్క రోజులో ఏర్పడేది కాదది. ‘నొప్పి ఎప్పట్నుంచండీ?’ అని అడుగుతాడు.

‘నిన్నట్నుంచే డాక్టర్ గారూ.’