ఈ రేటుకి బానే ఉంది

వాద్యాలను అంచనా కట్టే శాస్త్రంలో ఇప్పుడు ఒకే ఒక్క సూత్రం మిగిలింది: ‘ఈ రేటుకి బానే ఉంది.’ శ్రుతి నిలవకపోయినా, మెడ మీది లోహపు పట్టీ (ఫ్రెట్) అంచు చెయ్యి కోసినా, ఈ మాట అనేస్తే సమీక్ష అయిపోయినట్టే. వీడియోల్లో ఆ మాట అనే పెద్దమనిషి వెనక గోడకి పన్నెండు గిటార్లు వేలాడుతుంటాయి. పదమూడోదాని మీద ఆయన చూపే దయ అది. ఒక్కటే కొనుక్కోగలిగేవాడు ఆ దయని నమ్మి డబ్బు కడతాడు. నేనూ 45 వేలు కట్టి ‘బేస్ సిక్స్’ రకం వాద్యం ఒకటి తెచ్చుకున్నాను.

దీనికి గిటార్‌లాగే ఆరు తీగలు. శ్రుతి మాత్రం ఒక స్థాయి కింద, అంటే మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ ఉండే చోట. తీగ మోగే పొడవు మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి 25.5 అంగుళాలు, బేస్‌కి 34, దీనికి 30. రెంటికీ చెడ్డ రేవడి అని మీరు అనబోతున్నారని తెలుసు. నివేదిక పూర్తి కానివ్వండి.

మొదటి రోజు పరిశీలన: అన్నిటికన్నా లావు తీగ మీటితే మోగదు, ఊగుతుంది. బేస్ మీద ఆ శ్రుతికి మామూలుగా 105 నంబర్ తీగ కడతారు (నంబర్ అంటే తీగ లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో). దీనికి 84 కట్టి పంపారు. పొడవూ తక్కువే, లావూ తక్కువే. లెక్క వేస్తే బేస్ తీగకుండే బిగువులో ఇంచుమించు సగం. దీన్ని సమీక్షకులు ‘వింటేజ్ ఫీల్’ అంటారు. మా వీధిలో వదులు అంటారు.

95 వేస్తే కాస్త బిగుస్తుందని ఎవరో చెబితే తీగల కోసం షాపుకెళ్లాను. గిటార్ కౌంటర్ కుర్రాడు బ్యాగు తెరిచి చూసి, “ఇది బేస్ సార్, అటు” అన్నాడు. బేస్ కౌంటర్ పెద్దాయన తీగలు లెక్కపెట్టాడు, రెండుసార్లు. “ఆరున్నయ్. గిటార్. ఇటెందుకొచ్చిండ్రు?” మళ్లీ అటు. కుర్రాడు టేపు తెచ్చి కొలిచి, “గిటార్‌కి ఇంత పొడుగుండదు సార్” అని సానుభూతిగా చెప్పాడు. పెద్దాయన పట్టుదల మనిషి. 105 తీగ ఒకటి తెచ్చి ఎక్కించబోయాడు. అది మెడ చివర తీగ ఆనే నట్ గాడిలో కూర్చోలేదు, ట్యూనింగ్ కీ రంధ్రంలో దూరలేదు. అరగంట గడిచాక ఓనర్ వచ్చి అంతా విని, తీరిగ్గా అడిగాడు: “కీబోర్డ్ సెక్షన్‌లో అడిగిండ్రా?” రెండు పిక్కులు కొనుక్కుని బయటపడ్డాను. అవి బాగున్నాయి. రేటుతో పని లేకుండా బాగున్నాయి.

ఇంతవరకూ సరదాయే. అసలు సంగతి వేరే ఉంది.

డేన్‌ఎలెక్ట్రో కంపెనీ ఆరు తీగల బేస్ తెచ్చింది 1956లో, ఫెండర్ తెచ్చింది 1961లో. అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోల్లో, నిలబెట్టి వాయించే పెద్ద బేస్ మీద ఒకడు వాయిస్తుంటే, అదే వరసని ఆరు తీగల బేస్ మీద, అరచేత్తో తీగలు అదిమిపట్టి, ఇంకొకడు వాయించేవాడు. చిన్న రేడియోలో గుమ్మనేది వినపడకపోయినా టిక్కుమనేది వినపడేది. టిక్‌టాక్ బేస్ అనేవారు. అంటే ఇది పుట్టిన చోట ఇంకో మనిషికి పని ఇచ్చింది. ఇంకో మనిషికి!

మన దగ్గర? దీన్ని చూడగానే ఈవెంట్ మేనేజర్ కళ్లు మెరిశాయి. “గిటారు, బేసు రెండూ ఇందుల్నే వస్తయి కదన్నా, ఇద్దరెందుకు?” రెండూ వస్తాయి నాయనా, ఒకేసారి రావు. నాకున్నవి రెండే చేతులు. డ్రోన్‌కి ఇద్దరు, స్టేజీ మీద పొగ వదలడానికి ఒకడు, పెళ్లికొడుకు నడిచొచ్చేటప్పుడు నిప్పురవ్వలు చిమ్మించడానికి ఇంకొకడు. బేస్‌కి మాత్రం మనిషి దండగ! పందొమ్మిదేళ్లు ఆర్కెస్ట్రాలో నిలబడ్డ వాడి పనిలో సగం ముందే కీబోర్డు ఎడమచెయ్యి తినేసింది, పావు ల్యాప్‌టాప్ తింది. మిగిలిన ఆ ముద్ద మీద కూడా కన్నేశారు, సిగ్గూ శరం లేకుండా.

ఎవరిని తిడుతున్నానో? ఆ ఫంక్షన్‌కి వెళ్లింది నేనే. సోలో ఎత్తుకున్నప్పుడల్లా కింద బేస్ మాయమైంది. బేస్ పట్టుకుంటే పైన గిటార్ లేదు. ఎవరూ గమనించలేదు. ఒక్కరి పేమెంటున్న కవరు చేతిలో పెడుతూ మేనేజర్ మెచ్చుకున్నాడు కూడా: “ఈ రేటుకి బానే వాయించినవన్నా.”

మర్నాడు మా బేస్ అతను వీడియో చూసి ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను.

“కింది తీగ బాగా ఊగుతోందిరా. 95 దొరికితే వేయించు,” అన్నాడు.