దోసె బయట తినండి, దప్పళం ఇంట్లో కాచుకోండి

బరంపురం కానీ పర్లాకిమిడి కానీ రాయగడ కానీ, ఒడిశాలోని మన తెలుగిళ్ళలో ఆదివారం పొద్దున్న వినిపించే మాట ఒకటే: "ఇవాళ దోసెలు వెయ్యి." అనేవాళ్ళకి అది మూడు ముక్కల మాట. పొయ్యి దగ్గర లెక్క వేరు. ఇంట్లో ఐదుగురుంటే, మనిషికి మూడేసి చొప్పున 15 దోసెలు. ఉన్నది ఒకటే పెనం. పెనం తుడిచి, పిండి తిప్పి, నూనె చుక్కలేసి, కాలాక తీసేసరికి ఒక్కోదానికి మూడు నిమిషాలు. మొత్తం ముప్పావుగంట ఒక మనిషి అక్కణ్ణించి కదలకూడదు. ఆ మనిషి ఎవరో నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళు వేడివేడిగా తిని చేతులు కడుక్కున్నాక, అడుగు పిండితో వేసిన ఆఖరి దోసె ఆవిడకి. అప్పటికి చట్నీ కూడా అడుగంటి ఉంటుంది.

ఏది ఇంట్లో వండాలి, ఏది బయట తినాలి అన్న ప్రశ్న వస్తే మనం డబ్బు, ఆరోగ్యం, పరువు అనే మూడింటినే చూస్తాం. పొయ్యి ఎలాంటిది, దాని ముందు ఎవరు ఎంతసేపు నిలబడాలి అన్నది లెక్కలోకే రాదు. నా దృష్టిలో మొదట చూడాల్సింది అదే. అలా చూస్తే దోసె హోటల్ వంట, ఇడ్లీ ఇంటి వంట. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం: ఇంట్లో దోసెలు వేయించుకుని, హోటల్‌కి వెళ్ళి ఇడ్లీ ఆర్డరిస్తున్నాం.

హోటల్ పెనం మందపాటి ఇనప పలక. చల్లటి పిండి పడ్డా దాని వేడి తగ్గదు, ఒకేసారి ఆరేడు దోసెలు కాలతాయి. ఇంట్లో పల్చటి నాన్‌స్టిక్ పెనం పిండి పడగానే చల్లారుతుంది, మంట పెంచితే మరుక్షణం మాడుతుంది. మొదటి దోసె తెల్లగా, మూడోది నల్లగా రావడానికి కారణం అదే, వేసేవాళ్ళ చేతగానితనం కాదు. ఇంట్లోనే వేసి తీరాలంటే మందపాటి ఇనప పెనం కొనండి. ఫ్రిజ్‌లోంచి పిండి అరగంట ముందే బయట పెట్టండి. ఒక్కో దోసెకీ ముందు నీళ్ళు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దండి. పూరీదీ ఇదే కథ. ఒకరు వత్తాలి, ఒకరు వేయించాలి, ఆ ఇద్దరూ అందరితో కూర్చుని తినలేరు.

ఇడ్లీ అలా కాదు. నాలుగు రేకుల పాత్రలో 16 ఇడ్లీలు ఒకేసారి ఉడుకుతాయి, పది పన్నెండు నిమిషాలే. ఆ పన్నెండు నిమిషాల్లో చట్నీ అయిపోతుంది, అందరూ ఒకేసారి పళ్ళేల ముందు కూర్చోవచ్చు. కొలత: గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగైదు గంటలు నానాలి. రుబ్బేటప్పుడు నీళ్ళు కొంచెం కొంచెంగా, చల్లటివే పొయ్యాలి. మిక్సీ వేడెక్కితే పిండీ వేడెక్కుతుంది, ఇడ్లీ బరువెక్కుతుంది. అందుకే మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. రుబ్బిన పిండి చుక్కని నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగిందంటే ఇంకా రుబ్బాలి. రవ్వ కడిగి, నానబెట్టి, నీళ్ళు గట్టిగా పిండేసి రుబ్బిన పప్పులో కలపండి. ఆ నీళ్ళు పూర్తిగా తియ్యకపోతే ఇడ్లీ పొంగదు, చదునుగా అట్టముక్కలా వస్తుంది.

పులియడం ఊరిని బట్టి. బరంపురం, ఛత్రపురం వైపు సముద్రపు ఉక్కకి ఎండాకాలం ఆరేడు గంటలు చాలు, ఆ తరవాత పుల్లబడిపోతుంది. కోరాపుట్, జయపురం చలికి పన్నెండు గంటలైనా పిండి కదలదు. ఆ ఊళ్ళలో గిన్నెకి దుప్పటి చుట్టి, ఆరిపోయిన పొయ్యి పక్కన పెట్టుకోవాలి. ఉడికిన రేకుల్ని వెంటనే గీకొద్దు. ఐదు నిమిషాలు ఆరనిస్తే చెంచాకి అంటకుండా ఊడొస్తాయి.

ఫ్రైడ్ రైస్, నూడుల్స్, మంచూరియా గురించి ఎక్కువ చెప్పను. బండి మీద పొయ్యి మంట మన ఇంటి మంటకి ఎన్నో రెట్లు. అక్కడ ఒక్కో ప్లేటు విడిగా మూడు నిమిషాల్లో తేలుతుంది. ఇంట్లో నలుగురికీ కలిపి ఒకే మూకుట్లో వేస్తే కూరగాయల్లో నీరు ఆవిరయ్యే లోపే అన్నీ ఉడికి ముద్దవుతాయి. పిల్లలు అడిగితే నెలకోసారి బండి దగ్గరికి తీసుకెళ్ళండి. "బయటిలా లేదు" అనిపించుకోవడానికి అమ్మ గంట కష్టపడక్కర్లేదు.

ఇక ఇల్లే నెగ్గే వంటలు. అసలు నాకు కడుపుమంట ఇక్కడే. ఆవ పెట్టిన కూరని ఏ హోటలూ సరిగ్గా వడ్డించలేదు. తెలుగువాళ్ళకి పనసపొట్టులోనో కందలోనో ఆవ పెట్టడం తెలుసు, ఒడియావాళ్ళకి బేసర తెలుసు. రెండిటికీ ప్రాణం పచ్చి ఆవముద్దే. ఈ సరిహద్దులో పుట్టినవాళ్ళకి రెండు చేతుల నిండా ఉన్న సంపద అది. అయినా ఇంట్లో మానేస్తున్నారు, "చేదొస్తోంది" అని.

చేదు ఎందుకొస్తుందో తెలిస్తే మానరు. అరకిలో కూరకి రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు పసుపు, ఉప్పు. ఆవాలు చన్నీళ్ళలో పావుగంట నానబెట్టి, ఆ చన్నీళ్ళతోనే నూరాలి. వేడి నీళ్ళు పోస్తే ఘాటే పుట్టదు. మిక్సీలో ఆగకుండా తిప్పితే చేదెక్కుతుంది. నూరాక పది నిమిషాలు వదిలేస్తే ఘాటు తేలుతుంది, చింతపండు రసం ఆ తరవాతే తగలాలి. అన్నిటికన్నా ముఖ్యం, పొయ్యి కట్టేశాకే కూరలో ఆవ కలపాలి. ఆవ కలిపి మళ్ళీ ఉడికించారంటే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. హోటల్ కూర పొద్దున్నుంచీ సన్నమంట మీదే ఉండాలి, గిరాకీ వచ్చినప్పుడల్లా వేడెక్కాలి. అందుకే అక్కడ ఆవ కూర కుదరదు. వంటవాడి తప్పేం లేదు.

దప్పళం, దాల్మా కూడా అంతే. మన దప్పళంలో ఆనపకాయ, గుమ్మడికాయ, ములక్కాడ, బెండకాయ. వాళ్ళ దాల్మాలో పప్పుతో పాటు కంద, పచ్చి బొప్పాయి, పచ్చి అరటికాయ, గుమ్మడికాయ, వంకాయ. ఒక్కో ముక్కా ఒక్కో సమయంలో ఉడుకుతుంది. అన్నీ కలిపి కుక్కర్లో మూడు కూతలు పెట్టించి "దాల్మా" అనడం అన్యాయం. ఐదుగురికి గ్లాసు కందిపప్పు, అరకిలో పైచిలుకు కూరముక్కలు. పప్పు సగం ఉడికాక ముందు కంద, బొప్పాయి. పది నిమిషాలకి అరటికాయ. ఆఖర్న గుమ్మడికాయ, వంకాయ. దించబోయే ముందు వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిరప పొడి ఒక చెంచా, కొబ్బరి కోరు రెండు మూడు చెంచాలు. పైన నేతిలో పంచఫుటణ తాళింపు: జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, కలోంజీ. మెంతులు నల్లబడితే మొత్తం గిన్నె చేదు, అందుకే వాటిని ఆఖర్న వెయ్యండి.

దప్పళంలో జనం చేసే పొరపాటు పులుపు ముందే పొయ్యడం. చింతపండు పులుసులో పడ్డ ముక్క త్వరగా మెత్తబడదు, గంటసేపు మరిగించినా పలుకు పలుకుగానే ఉంటుంది. ముక్కలు ముప్పాతిక వంతు ఉడికాకే పులుసు పొయ్యాలి, ఆ తరవాత బెల్లం, ఆఖర్న చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి. ఇందులో వేరే కిటుకు లేదు. ముక్కలు తరగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ పని కత్తి పట్టడం వచ్చిన ఎవరైనా చెయ్యచ్చు, పదేళ్ళు దాటిన పిల్లలతో సహా. పొయ్యి మీదికెక్కాక దప్పళం దానంతటదే ఉడుకుతుంది, దోసెలా నిలబెట్టదు.

చిలికా రొయ్యలు, చేపలు ఇంటికి అంత దగ్గర్లో ఉండి కూడా రాత్రి తొమ్మిదింటికి హోటల్లో రొయ్యల కూర ఆర్డరివ్వడం నాకు అర్థం కాదు. రొయ్య మూడు నాలుగు నిమిషాల్లో ఉడుకుతుంది, ముడుచుకుని ఎర్రబడగానే దించెయ్యాలి. ఇంకో పది నిమిషాలు వేడి మీద ఉంటే రబ్బరే. రోజంతా వేడి చేస్తూ ఉండే చోట అది మెత్తగా ఎలా ఉంటుంది? పొద్దున్నే బజారుకెళ్ళండి. చేప మొప్పలు ఎర్రగా, కళ్ళు ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. ఆవనూనెలో వండితే నూనె సన్నగా పొగ వచ్చేదాకా కాచి, కాస్త చల్లార్చి అప్పుడు తాళింపు వెయ్యండి. పచ్చి నూనెలో వేస్తే ఆ వాసన కూరంతా పట్టేస్తుంది. నువ్వులనూనెకి ఈ కాచడం వద్దు.

మార్చి 20న ఒడిశా అంతా పఖాళ దిబస. మంచిదే, పండగ చేసుకోండి. కానీ ఆ రోజు రెస్టారెంట్లో పఖాళ థాళీ కోసం వరసలో నిలబడే తెలుగువాళ్ళని చూస్తే బాధేస్తుంది. అది మన చద్దన్నమే కదా! ఇంట్లో రాత్రి మిగిలిన అన్నానికి రెండు నిమిషాల పని. ఉసునా, అంటే మన ఉప్పుడు బియ్యం, అయితే మెతుకు విడిగా నిలుస్తుంది. అరువా, అంటే పచ్చి బియ్యం, పొద్దుటికి జావవుతుంది. అన్నం పూర్తిగా చల్లారాకే నీళ్ళు పొయ్యాలి, వేడి మీద పోస్తే జిగురు వస్తుంది. అలాగని గంటలకొద్దీ గట్టు మీద వదిలెయ్యకండి, వెడల్పాటి పళ్ళెంలో పరిస్తే త్వరగా చల్లారుతుంది. మెతుకుల మీద మూడు వేళ్ళ ఎత్తు నీళ్ళు, మట్టికుండో స్టీలుగిన్నో. అల్యూమినియం వద్దు, పులుపుకి లోహం దిగుతుంది. నిన్నటి తొరాణి, అంటే పఖాళ పులిసిన నీళ్ళు, రెండు చెంచాలు కలిపితే పులుపు సరిగ్గా కుదురుతుంది. పొద్దున్న సన్నటి పుల్లటి వాసన రావాలి. నీళ్ళు తీగలు సాగినా, కుళ్ళు వాసన వచ్చినా పారబొయ్యండి, కడిగి తినొద్దు. పక్కన చిదిపిన బడి (ఒడియావాళ్ళ వడియాలు), వెల్లుల్లి, పచ్చిమిర్చి ఉంటే బడిచూరా. మన ఇళ్ళలో మినపవడియాలు వేయించి అలాగే చిదుపుకోవచ్చు.

బయట తినడం తప్పని నేననడం లేదు, తినేచోట కళ్ళు తెరుచుకోమంటున్నాను. బరా, అంటే ఒడియావాళ్ళ గారె, వేసే మూకుడు చూడండి. నూనె నల్లగా చిక్కబడి, వేసిన బరా చుట్టూ సన్నటి నురగ ఆగకుండా వస్తుంటే వెనక్కి తిరగండి. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పదే పదే కాగితే పుట్టేవి) 25 శాతం దాటకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. బండి దగ్గర మనం కొలవలేం, రంగూ నురగా వాసనే మన కొలత. ఇంట్లోనూ అదే నియమం: వేయించిన నూనె వడగట్టి రెండు రోజుల్లో కూరల్లో వాడెయ్యండి, మళ్ళీ మళ్ళీ వేపుళ్ళకి వద్దు. న్యూస్‌పేపర్లో చుట్టిన బరా తీసుకోవద్దు, సిరా నూనెలోకి దిగుతుంది. ఆకుదొన్నలో పెట్టమనండి, ఒడిశాలో దొన్నలకి కొదవేంటి? సాంబారుకి స్టీలు డబ్బా పట్టుకెళ్ళండి, మరిగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోయించుకోవద్దు. కొబ్బరి చట్నీ పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, అందుకే టిఫిన్‌కి తొమ్మిది లోపే వెళ్ళండి.

ఒక రోజు మాత్రం మాంసం హోటల్ జోలికి పోవద్దు, ఛాడఖాయి. ఒడియావాళ్ళ కార్తీకం పున్నమితో అయిపోతుంది, మర్నాడే మాంసం మీద పడతారు. మన కార్తీకం అమావాస్య దాకా ఇంకో పదిహేను రోజులుంటుంది. మన పట్టింపు లేనివాళ్ళు కూడా ఆ రద్దీలో వెళ్తే ఉడికీ ఉడకని ముక్కే దొరుకుతుంది.

చివరిగా, "ఇవాళ వంట వద్దులే, బయట నుంచి తెప్పిద్దాం" అనేవాళ్ళతో ఒక మాట. తెప్పించాక అన్నం వండమంటారు. "చారు ఒక్కటి పెట్టు" అంటారు. తిన్నాక డబ్బాలు, పళ్ళేలు ఆవిడే కడగాలి. అది సెలవెలా అవుతుంది? వంట వద్దంటే అన్నం కూడా వద్దు, గిన్నె కూడా తడవకూడదు. దోసె తినాలనిపిస్తే అత్తగారితో సహా అందరూ వెళ్ళి ఆ ఇనప పలక ముందే కూర్చోండి, ఆవిడ పళ్ళెంలో మొదటి దోసె పడనివ్వండి. శనివారం సాయంత్రం మినప్పప్పు కొలిచి నానబెట్టడం నాన్న పని, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పొయ్యడం ఆఖర్న తిన్నవాళ్ళ పని.