బావగారి డైరీలో నాలుగో గడి

మా బావగారి దగ్గర ఒక డైరీ ఉంది. అందులో నా గురించి రాసుకుంటారు. ఇరవయ్యేళ్లకు పైగా నా గురించి రాస్తూ వచ్చిన మనిషి లోకంలో ఆయనొక్కరే కాబట్టి నిజానికి నేను పొంగిపోవాలి. కానీ ఆ డైరీలో ప్రతి పేజీకీ నాలుగు గడులుంటాయి: తేదీ, ఏమన్నాడు, ఎందుకన్నాడు, ఏమైంది. మొదటి మూడూ నీలం సిరా. నాలుగోది ఎర్ర సిరా.

ఆయన ఉద్యోగమంతా ఆడిటింగులో గడిచింది. ఎదుటివాడు చెప్పినదానికీ జరిగినదానికీ తేడా ఎంతో తేల్చడం ఆయన వృత్తి. నా వృత్తి కంప్యూటర్లు. వ్యసనం మాత్రం జోస్యం. కంప్యూటరును నడిపించే విండోస్ లాంటి కొత్త ఆపరేటింగ్ సిస్టం ఏ నెలలో వస్తుందో అందరికంటే ముందు నేనే చెప్పాలి. ఇలాంటి ఇద్దరు ఒకే కుటుంబంలో ఉండకూడదు. కానీ మా అక్క ఈ సంగతి ఆలోచించకుండా పెళ్లి చేసుకుంది.

2002లో మొదలైంది కథ. బావగారింట్లో విండోస్ 98 కంప్యూటరు ఒకటుండేది. మీట నొక్కి, స్నానం చేసి, పేపరు చదివి వస్తే అప్పటికి తెర మీద ఏదో కదిలేది. "కొత్తది కొనేద్దామనుకుంటున్నానోయ్, విండోస్ ఎక్స్‌పీ వచ్చిందటగా" అన్నారు. వచ్చింది, 2001 అక్టోబర్ 25నే వచ్చింది. బుద్ధున్నవాడెవడైనా "శుభ్రంగా కొనుక్కోండి" అని ఊరుకునేవాడు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "ఇప్పుడు కొనకండి బావగారూ. లాంగ్‌హార్న్ వస్తోంది" అన్నాను.

కిటుకంతా ఆ గొంతు తగ్గించడంలోనే ఉంది. అదే మాట మామూలుగా అంటే ఎవరూ పట్టించుకోరు. గుసగుసగా అంటే, వీడికి లోపలి మనుషులెవరో తెలుసు కాబోలు అనుకుంటారు.

"ఎప్పుడొస్తుంది?"

"2003 చివరికల్లా."

ఆయన లోపలికి వెళ్లి డైరీ తెచ్చారు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ఆ లాంగ్‌హార్న్ పేరు వెనక కథ తెలిసి ఉంటే నోరు మూసుకునేవాణ్ని. కెనడాలో విస్లర్, బ్లాక్‌కూంబ్ అని పక్కపక్కనే రెండు కొండలున్నాయి. ఎక్స్‌పీకి తయారీలో ఉన్నప్పటి ముద్దుపేరు విస్లర్. ఆ తర్వాత రావలసిన పెద్ద విండోస్ పేరు బ్లాక్‌కూంబ్. మధ్యలో ఒక చిన్న మజిలీ వేద్దామనుకున్నారు, విండోస్ చేసే మైక్రోసాఫ్ట్ వాళ్లు. దానికి ఆ కొండల దగ్గరే ఉన్న ఒక బార్ పేరు పెట్టారు. అదే లాంగ్‌హార్న్. బార్‌లోకి వెళ్లినవాడు ఎన్నింటికి బయటికొస్తాడో సొంత కుటుంబసభ్యులే చెప్పలేరు. నేను గంట కొట్టినట్టు చెప్పాను.

2003 వచ్చింది, వెళ్లింది. బావగారు ఫోన్ చేసి ఏమీ అడగలేదు. "ఏమోయ్, బాగున్నావా" అన్నారు, అంతే. ఆడిటర్ల పద్ధతి అది. వాళ్లు అడగరు, మనమే సంజాయిషీ చెప్పుకునేదాకా మౌనంగా కూర్చుంటారు. "2004లో గ్యారంటీ బావగారూ" అన్నాను. అవతల కలం గరగర వినిపించింది.

2004 ఆగస్టులో తేలింది అసలు సంగతి. అప్పటిదాకా చేసిన పనిలో చాలాభాగం పక్కన పెట్టేసి, విండోస్ సర్వర్ 2003 కోడ్ మీద మళ్లీ మొదలుపెట్టారట. ఫైళ్లను దాచే పద్ధతినే మార్చేస్తుందని చెప్పిన విన్‌ఎఫ్‌ఎస్‌ని ఇందులోంచి తీసేశారు. 2006లో వస్తుందన్నారు. ఈ వార్త నేనే వెళ్లి చెప్పాను.

"ఇంతమంది ఇంజనీర్లుండి తేదీ ఎందుకు తెలియదోయ్?"

ఇలాంటి ప్రశ్నలంటే నాకు ఉత్సాహం. "ఇల్లు కట్టడం లాంటిది కాదు బావగారూ. ఇక్కడ ఒక గోడ సరిచేస్తే ఇంకెక్కడో కిటికీ ఊడుతుంది. ఆ కిటికీ బిగిస్తే కుళాయిలో నీళ్లు ఆగిపోతాయి. పైగా పాత ప్రోగ్రాములన్నీ నడవాలి. పాత కెమెరాలు, స్కానర్లు, ప్రింటర్లు అన్నీ పనిచెయ్యాలి. ఇంకో వారంలో విడుదల అనగా ఎవడో పాత ప్రింటరు తగిలిస్తాడు, మొత్తం కూలిపోతుంది. తేదీ వెనక్కి పోతుంది." నాకు ఊపు వచ్చేసింది. "అసలు ఈ ఆలస్యానికి మీ ప్రింటరు కూడా ఒక కారణం."

ఆయన తన ప్రింటరు వైపు చాలాసేపు చూశారు. తర్వాత మూడో గడిలో "నా ప్రింటరు" అని రాసుకున్నారు.

ఈ మధ్యలో ఇంకో భాగోతం జరిగింది. 2005లో ఒక స్నేహితుడు ఫోన్ చేసి, "పక్కా సమాచారం, వచ్చే వేసవికే విడుదల. కంపెనీ లోపలి మనిషి చెప్పాడు" అన్నాడు. నేను ఎగిరి గంతేసి బావగారికి చేరవేశాను. అదిగో పులి అంటే ఇదిగో తోక అనే రకం నేను. వారం తర్వాత అనుమానం వచ్చి, నీకెవరు చెప్పారని వాణ్ని నిలదీశాను. వాడికి ఇంకొకడు, ఆ ఇంకొకడికి మరొకడు చెప్పాడట. తీగ లాగితే డొంకంతా కదిలి, ఆ మరొకడు మా ఆఫీసులో నా పక్క కుర్చీవాడని తేలింది. వాడికి చెప్పిన లోపలి మనిషిని నేనే.

2006 మార్చిలో మళ్లీ ప్రకటన: ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఈ ఏడు రాదు, 2007 జనవరిలో వస్తుంది. ఇక బావగారికి మొహం చూపించలేక దారి మార్చాను. "విండోస్ వదిలెయ్యండి, ఉబుంటు పెట్టుకుందాం. అదీ ఇలాంటి ఆపరేటింగ్ సిస్టమే. దాని తేదీకి జోస్యమే అక్కర్లేదు. నంబరులోనే ఉంటుంది. 5.10 అంటే 2005, పదో నెల. తర్వాతది 6.04. అంటే?"

"2006 ఏప్రిల్" అన్నారు ఆయన. మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. లెక్కల మనిషికి ఇంతకంటే ఏం కావాలి! సరుకు పేరే తేదీ. ఇది మాత్రం నీలం సిరాతో కొట్టొచ్చినట్టు రాశారు, కింద గీత కూడా గీశారు.

ఏప్రిల్ వచ్చింది. ఉబుంటు రాలేదు. ఇంకొంచెం సానపట్టాలని ఆరు వారాలు వాయిదా వేసి, జూన్ 1న విడుదల చేశారు. చేసి, దాని నంబరు 6.06 అని మార్చేశారు. రైలు ఆలస్యమైతే టైంటేబుల్ దిద్దుకున్నట్టు! 2004 నుంచి ఇప్పటిదాకా ఆ సంస్థ ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలలు తప్పకుండా పాటిస్తూనే ఉంది. తప్పింది ఆ ఒక్కసారే. ఆ ఒక్కసారే నేను నోరు విప్పాను.

బావగారు నాలుగో గడిలో ఏమీ రాయలేదు. ఎర్ర సిరా పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు. రాసి ఉంటేనే నయం.

ఆ జులై 11న విండోస్ 98కి సపోర్టు ఆగిపోయింది. "కొత్తది రాకముందే పాతదానికి నీళ్లొదిలేశారన్నమాట" అన్నారు ఆయన. చివరికి 2007 జనవరి 30న విస్టా అనే పేరుతో లాంగ్‌హార్న్ మామూలు జనానికి అందింది. బావగారు అయిదేళ్ల నిరీక్షణ తర్వాత కొత్త కంప్యూటరు కొన్నారు. నేనే దగ్గరుండి అన్నీ బిగించాను. తెర వెలిగింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఒక నిమిషం చూసి, నా వైపు తిరిగి అడిగారు:

"తర్వాతది ఎప్పుడు?"

అక్కడ నన్ను నేను సమర్థించుకోవడానికి చరిత్ర విప్పాను. మొట్టమొదటి విండోస్‌ని 1983 నవంబర్‌లో ప్రకటించారు, చేతికొచ్చింది 1985 నవంబర్‌లో. ఆపిల్ వాళ్లు కోప్లాండ్ అని ఒకటి తలపెట్టి, ఇదిగో అదిగో అని, 1996లో అసలు దాన్నే ఎత్తేశారు. అంతకుముందు ఐబీఎం వాళ్ల ఓఎస్/360 కూడా అనుకున్న సమయానికి రాలేదు. ఆ పనికి పెద్దగా ఉన్న ఫ్రెడ్ బ్రూక్స్ ఆ అనుభవంతోనే చెప్పాడు, ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తగా మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని.

"మరి మనుషుల్ని తీసేస్తే?" అన్నారు బావగారు, నా వైపే చూస్తూ.

వినిపించనట్టు ముందుకు సాగాను. సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టం తలపెట్టిన గ్నూ వాళ్లు 1990లో దానికి గుండెకాయగా హర్డ్ అనే కెర్నల్ మొదలుపెట్టారు. దాని 1.0 ఈ రోజుకీ రాలేదు. మరుసటి ఏడు ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు సరదాకి ఏదో చేసుకుంటున్నాను, పెద్దదేమీ కాదు అన్నాడు. సెప్టెంబర్‌కల్లా లైనక్స్ అనే తన కెర్నల్ మొదటి ముక్క బయటపెట్టేశాడు. ఇక ఆ లైనక్స్ మీద ఆపరేటింగ్ సిస్టం కట్టే డెబియన్ వాళ్లయితే తేదీ అడిగితే ఒకటే మాట: సిద్ధమైనప్పుడు వస్తుంది. 2002 జులైలో ఒకటి వచ్చాక తర్వాతది 2005 జూన్‌లో వచ్చింది. అయినా ఎవరికీ మాట తప్పలేదు, మాటే ఇవ్వలేదు కనక.

బావగారు మెచ్చుకోలుగా తలూపారు. "వీళ్లెవరో ఆడిట్ చూసినవాళ్లు."

ఇంత చెప్పినవాణ్ని నేర్చుకోవద్దా? నేర్చుకోలేదు. కొన్నాళ్లు పుకార్లు మానేశాను కానీ, అంతకంటే ప్రమాదకరమైనదానిలో పడ్డాను. అంకెల్లో. ప్రతి విండోస్‌కీ లోపల ఒక బిల్డ్ నంబరుంటుంది, అంటే అది ఎన్నో కూర్పో చెప్పే అంకె. విస్టాది 6000. విండోస్ 7ది 7600. 2012లో వచ్చిన విండోస్ 8ది 9200. ఒక రాత్రి మంచం మీంచి లేచి కూర్చున్నాను. తేడా 1600! మళ్లీ తేడా 1600! అంటే తర్వాతది 10800. పొద్దున్నే ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. "ఒరేయ్, ఇంత పొద్దున్నే ఎవరికి ఏమైంది?" అని కంగారుపడింది. పదివేల ఎనిమిది వందలు అన్నాను. "ఏవండీ, వీడికి ఏదో అయింది" అని ఫోన్ ఆయన చేతికిచ్చింది.

2013లో విండోస్ 8.1 వచ్చింది, నంబరు 9600. అది అరసంఖ్య కాబట్టి లెక్కలోకి రాదని కొట్టిపారేశాను. సిద్ధాంతం నమ్మినవాడికి సాక్ష్యం ఎప్పుడూ చిన్న అడ్డంకే. బిల్డ్‌లు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చూసి, గుణించి, భాగించి, "విండోస్ 9, బిల్డ్ 10800, 2015 ఏప్రిల్" అని తేల్చేశాను. బావగారు ముచ్చటపడ్డారు. నా జోస్యంలో మొదటిసారి కూడికలూ తీసివేతలూ కనిపించాయి మరి.

2014 సెప్టెంబర్ 30న మైక్రోసాఫ్ట్ వాళ్లు వేదికెక్కి కొత్త విండోస్ పేరు చెప్పారు. విండోస్ 10.

తొమ్మిది లేదు. తొమ్మిది రానే రాదు. ఎనిమిది తర్వాత పది. నేను నెల చెప్పాను, బిల్డ్ నంబరు చెప్పాను. తీరా చూస్తే సరుకే లేదు. ఆ పది కూడా 2015 జులై 29న 10240తో వచ్చింది. బావగారు చాలాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించారు. "తేదీ తప్పిందని రాయడానికి గడి ఉంది. వస్తువే లేదని రాయడానికి లేదు" అని స్కేలుతో అయిదో గడి గీశారు.

అదే ఏడు ఆ కంపెనీ ఉద్యోగి ఒకాయన ఒక సభలో విండోస్ 10 చివరి విండోస్ అన్నాడు. ఇకమీదట దానికే మార్పులు జరుగుతూ ఉంటాయి తప్ప కొత్త నంబరు ఉండదని దాని అర్థం. నాకు ప్రాణం లేచొచ్చింది. జోస్యాలకు సెలవు, పరువు దక్కుతుంది. "ఇంక డైరీ మూసెయ్యండి బావగారూ. ఇదే ఆఖరిది" అన్నాను. ఆయన తేదీ వేసి "ఆఖరిది" అని రాసుకుని, నాలుగో గడి ఖాళీగా ఉంచి, డైరీని బీరువాలో పెట్టారు.

ఆరేళ్లు ప్రశాంతంగా గడిచాయి. 2021 జూన్ 24న విండోస్ 11 ప్రకటించారు. ఆ సాయంత్రం నా ఫోన్ మోగింది. ఎత్తాను. అవతల మాట లేదు. బీరువా తలుపు చప్పుడు, తర్వాత కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

ఈ మధ్య వాళ్లింటికి వెళ్తే మేనకోడలు అడిగింది, "మావయ్యా, విండోస్ 12 ఎప్పుడొస్తుంది?" నేను గట్టిగా నోరు మూసుకున్నాను. బావగారు మాత్రం వదల్లేదు. "చెప్పవోయ్, నాకు నీ మాట కావాలి" అన్నారు.

"ఇన్నిసార్లు తప్పాక కూడానా?"

"అందుకే. నువ్వు ఏ నెల చెబితే అది కొట్టేస్తా. పన్నెండులో ఒకటి తగ్గుతుంది. మిగతా పదకొండులోనే ఎదురుచూస్తే చాలు." డైరీ తెరిచారు. "నీలాంటి బామ్మర్దులు ఇంకో పదిమంది ఉంటే, ఏ నెలో కచ్చితంగా తేలిపోయేది."