బస్సు వేళలను బయటపెట్టవద్దని మనవి

గోదావరి డెల్టాకు వచ్చే పర్యాటకులకు బస్సులు, మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పంట్లు, రైళ్ళు ఎప్పుడు ఎక్కడి నుంచి బయలుదేరుతాయో అంతర్జాలంలో స్పష్టంగా చెప్పాలనీ, అలా చెబితే వారిలో చాలామంది కార్లు ఇంటి దగ్గర వదిలి అందరితోపాటు బస్సెక్కి తిరుగుతారనీ, దానివల్ల కాలువ గట్ల మీద రద్దీ, కొబ్బరి తోటల్లో పొగ తగ్గుతాయనీ ఈమధ్య కొందరు చదువుకున్నవారు వాదిస్తున్నారు. ఈ వాదం వినడానికి ఇంపుగా ఉన్నమాట నిజమే. అయితే ఇది తరతరాలుగా మనం కాపాడుకుంటూ వస్తున్న ఒక వ్యవస్థకు గొడ్డలిపెట్టు గనుక, దీన్ని మొగ్గలోనే తుంచవలసిందిగా పెద్దలను కోరడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ప్రస్తుత ఏర్పాటు ఎంత నిండుగా ఉందో గమనించండి. కోనసీమ గురించి చెప్పే ఏ వెబ్‌సైటును తెరిచినా "ఎలా చేరుకోవాలి" అన్న శీర్షిక కింద విమానానికి రాజమహేంద్రవరం, రైలుకు రాజమహేంద్రవరమో కాకినాడో, రోడ్డుకు "అన్ని ప్రధాన పట్టణాల నుండి బస్సు సౌకర్యం కలదు" అన్న మాటా కనబడతాయి. ఆ పక్కనే కొబ్బరి చెట్ల మధ్య సూర్యాస్తమయం బొమ్మ ఒకటి ఉంటుంది. బస్సు ఏ ఊరి నుంచి, ఎన్నింటికి, తిరుగు బస్సు ఉందా, ఆఖరిది ఎప్పుడు అన్న చిల్లర సంగతుల జోలికి ఆ శీర్షిక పోదు. ఆ పేజీ చదివిన కుటుంబ పెద్ద ఒక్క నిమిషం ఆలోచించి కారు తాళం చేతిలోకి తీసుకుంటాడు. ఇంత తక్కువ మాటలతో ఇంత కచ్చితమైన ఫలితం సాధించిన ప్రచార సాహిత్యం మరొకటి ఉంటుందని నేననుకోను.

డెల్టాలో సమాచారానికి కరువుందని ఎవరైనా అంటే మాత్రం అది పచ్చి అబద్ధం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది అన్న సంగతి నది మధ్య లంకల్లో గేదెలు మేపే పిల్లవాడికి కూడా నోటికి వచ్చు. భద్రాచలంలో 43 అడుగులు దాటిందంటే ఇక్కడి టీ కొట్లలో ఆ మాట గంటలోపే నలుగుతుంది. అంటే ఎగువన ఎక్కడో నది ఏ గంటకు ఎంత ఎత్తున పారుతోందో ఫోనులో చూపగల యంత్రాంగం మనకు ఉన్నట్టే. ఆ యంత్రాంగమే రాజోలు నుంచి అమలాపురం పోయే బస్సు ఎన్నింటికి కదులుతుందో కూడా చూపగలదు కదా అని అడిగే కుశంకాపరులు లేకపోలేదు. వారికి సమాధానం ఒక్కటే. వరద ఎప్పుడో వస్తుంది, కాబట్టి చెప్పాలి. బస్సు రోజూ వస్తుంది. రోజూ వచ్చేదాని గురించి మళ్ళీ చెప్పడమెందుకు?

పైగా ప్రజలకు నిజంగా అవసరమైన సమాచారం ఏ వెబ్‌సైటూ లేకుండానే వ్యాపిస్తుందనడానికి యానాం సాక్షి. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉన్న ఆ పట్టణంలో పన్ను తేడా వల్ల పెట్రోలు లీటరుకు ఎంత తక్కువో కాకినాడ నుంచి అమలాపురం దాకా ప్రతి బండివాడూ పైసలతో సహా చెప్పగలడు. ఎదుర్లంక వంతెన మీదుగా పోయే బస్సు వేళ అతన్ని అడగండి, ముఖం తిప్పుకుంటాడు. దీన్నిబట్టి జనం కోరుకునేది పెట్రోలు ధరే గాని బస్సు వేళ కాదని శాస్త్రీయంగా రుజువవుతోంది.

ఇక పంటు సంగతి. నరసాపురం రేవులో నిలబడితే గోదావరి పాయ అయిన వశిష్ఠకు ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి కంటికి ఆనుతుంది. మనుషులు, మోటారు సైకిళ్ళు, ఆటోలు, కూరగాయల గంపలు, అప్పుడప్పుడు ఒకటో రెండో కార్లు ఒకే పంటు మీద సర్దుకుని నది దాటుతుంటాయి. పశ్చిమం వైపు నుంచి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పోయేవాడికి దగ్గరి దారి ఇదే. అయినా భీమవరంలో బయలుదేరిన కారు ఫోను మాట విని పాలకొల్లు మీదుగా చించినాడ వంతెనకెక్కి, దిండిలో దిగి, మలికిపురం చుట్టి, చివరికి తాను ఇందాకే దాటగలిగిన రేవు అవతలి గట్టుకే చేరుకుంటుంది. పంటు ఉందని ఆ యజమానికి ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పినా, ఈ రోజు నడుస్తోందా, వరద వల్ల ఆపేశారా, సాయంత్రం ఆఖరి పంటు ఎన్నింటికి అన్న ప్రశ్నలకు రేవు దాకా వెళితే తప్ప జవాబు దొరకదు. రేవు దాకా వెళ్ళాక జవాబు "ఆపేశారండి" అయితే, మళ్ళీ చించినాడే గతి. అందుకని తెలివైనవాడు మొదటే వంతెన దారి పడతాడు. ఈ చుట్టుతిరుగుడు వల్ల దారిలో పాలకొల్లు క్షీరారామ దర్శనం అదనంగా లభిస్తుందన్న పుణ్యాన్ని విమర్శకులు లెక్కలోకి తీసుకోవడం లేదు.

జిల్లాలో ఒక బస్టాండు ఉంది. పేరు చెప్పను, అక్కడి టైము కీపరు మంచివాడు. ఆ బస్టాండు గోడ మీద నీలం రంగుతో రాసిన వేళల పట్టిక ఒకటి ఇప్పటికీ ఉంది. ఎడమ వరుసలో ఊళ్ళ పేర్లు చెక్కుచెదరలేదు. కుడి వరుసలోని గంటల్లో సగం గోడకు సున్నం కొట్టినప్పుడు పోయాయి, మిగతా సగం మీద ఎవరో డిగ్రీ కాలేజీ ప్రవేశాల పోస్టరు అతికించారు. పోస్టరు మూల చిరిగినచోట "16" అన్న అంకె మాత్రం తొంగిచూస్తుంటుంది. పదహారు గంటల ఎన్ని నిమిషాలకో తెలియాలంటే ఆ కాలేజీలో చేరి చూడాలేమో. గోడ ముందు హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు నిలబడి ఉంటారు.

"అంతర్వేదికి బస్సెప్పుడండీ?"

"ఇప్పుడే వెళ్ళిందండి."

"మళ్ళీ ఎప్పుడు?"

"ఉంటాదండి."

"ఎన్నింటికి?"

"వచ్చేస్తాదండి. అలా కూర్చోండి."

ఈ నాలుగు ముక్కల్లో భూత, భవిష్యత్, వర్తమానాలు మూడూ ఇమిడి ఉన్నాయి. మర్యాద కూడా ఉంది. ఇంత సమగ్రమైన సేవను ఒక యాప్ అందించగలదని నమ్మడం అమాయకత్వం.

విమర్శకులు ఇక్కడితో ఆగక జీటీఎఫ్ఎస్ అనే ఒక పద్ధతి పేరు ఎత్తుతారు. 2005 ప్రాంతంలో అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ నగర రవాణా సంస్థా గూగులూ కలిసి మొదలుపెట్టిన పద్ధతి అది. బస్సు ఆగే చోట్లన్నీ ఒక ఫైలులో, దారులు మరొక దానిలో, ట్రిప్పులు ఇంకొక దానిలో, ఏ ట్రిప్పు ఏ ఆపుకు ఎన్నింటికి వస్తుందో వేరొక దానిలో, అంతా సాదా అక్షరాల్లో వరుసగా రాస్తే చాలు. ఆ పద్ధతి తెలిసిన ఏ యాప్ అయినా దాన్ని చదువుకుని "ఇక్కడ ఎక్కు, రేవులో దిగు, పంటు దాటు, అవతల మళ్ళీ ఎక్కు" అని ప్రయాణికుడి చెయ్యి పట్టుకు నడిపిస్తుంది. ఆ పద్ధతిలో రైలుకు 2, బస్సుకు 3 అని సంఖ్యలు కేటాయించి, పడవకు కూడా 4 అని ఒక స్థానం ఇచ్చారు. మన పంటు కోసం పోర్ట్‌ల్యాండువారు ఇరవై ఏళ్ళ కిందటే కుర్చీ వేసి ఉంచారన్నమాట. పంటు ఇంకా కూర్చోలేదు. ఒక డిపోలోని షెడ్యూలు పుస్తకాన్ని కంప్యూటరులో కొట్టడానికి పట్టే శ్రమ తప్ప ఇందులో మహా సాంకేతికత ఏమీ లేదని వారంటారు. సరిగ్గా అందుకే దీన్ని వ్యతిరేకించాలి. కోట్లలో టెండరు, రిబ్బను కత్తిరింపు, శిలాఫలకం వీటిలో ఒక్కటీ లేని పనిని అభివృద్ధి అని ఎలా పిలవగలం?

కోనసీమను మరో కేరళ అని మన ప్రచార పుస్తకాలు ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్నాయి. అసలు కేరళలో కొచ్చి మెట్రోవారు 2018లోనే తమ వేళల సమాచారాన్ని ఎవరైనా వాడుకునేలా బహిరంగం చేశారు, 2023లో దీవుల మధ్య వాటర్ మెట్రో పేరుతో బ్యాటరీ పడవలు నడపడం మొదలుపెట్టారు. కొబ్బరి చెట్ల విషయంలో కేరళ పోలిక మనకు సమ్మతమే. వేళల విషయంలో మన వ్యక్తిత్వం మనది. జర్మనీలోని బ్లాక్ ఫారెస్టు ప్రాంతంలో బస చేసే అతిథికి బస్సులూ రైళ్ళూ ఉచితంగా ఎక్కడానికి ఒక కార్డు ఇస్తారట. ఆ దేశం ముచ్చట ఆ దేశానిది.

ఉచితం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలోని మహిళలకు స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ వరకు బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. పర్యాటక కుటుంబంలో సగం మందికి టికెట్టు లేదు. అయినా కారే ఎందుకు కదులుతోందని కొందరు ఆశ్చర్యపోతున్నారు. టికెట్టు ఉచితమే, వేళ మాత్రం అమూల్యం.

చరిత్ర కూడా మన పక్షానే ఉంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన తరువాత, డెల్టా కాలువలు పొలానికి నీళ్ళు పారించడానికే కాక పడవలు నడవడానికి కూడా ఉపయోగపడ్డాయి. నీటి మట్టం మారేచోట పడవ పై మట్టానికి ఎక్కడానికి, కింది మట్టానికి దిగడానికే లాకులు కట్టారు. ఇప్పుడు లొల్ల లాకుల దగ్గరకు సందర్శకులు కార్లలో వచ్చి, గట్టు మీద జాగా దొరక్క కొబ్బరి చెట్టుకు ఆనించి నిలిపి, పడవలు లేని లాకుల ముందు ఫొటోలు దిగి వెళుతున్నారు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలను, గోదావరి, కృష్ణలతో కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. జలమార్గమైతే వచ్చింది, దాని మీద మన ఊరికి పడవ ఎన్నింటికి అని అడగడం అత్యాశ. అలాగే కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేసి, 2004లో మళ్ళీ వేశారు. దాన్ని కోటిపల్లి నుంచి నరసాపురం దాకా పొడిగించే పని 2000-01లోనే మంజూరైంది. నదుల్లో స్తంభాలు లేచాయి. ఆ స్తంభాలు చూడటానికి కూడా జనం కార్లలోనే వస్తారు.

ఈ విషయంలో దేవుళ్ళే మనకంటే వెనకబడి ఉన్నారు. కనుమనాడు జగ్గన్నతోటకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి అలంకరించిన వెదురు చట్రాలు, భుజాల మీద, పంట పొలాల గట్ల మీదుగా, కౌశిక ఏటి నీళ్ళలోకి దిగి మరీ వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్రం శకటంగా చూపింది ఈ ప్రభల తీర్థాన్నే. ప్రభ వెళ్ళే దారి, వేళ ఊరంతటికీ తెలుసు, ఆ దారిన రైతు పైరు తొక్కినా నొచ్చుకోడు. ఆ ప్రభలను చూడటానికి వచ్చినవారి కార్లు మాత్రం అంబాజీపేట నుంచి వరుసగా ఆగి ఉంటాయి. కాలినడకన వచ్చే దేవుడి కోసం ఏసీ వేసుకుని కారులో కూర్చుని ఎదురుచూడటంలో ఒక రకమైన భక్తి ఉందని నా అభిప్రాయం. శనివారాల్లో వాడపల్లి వెంకన్న గుడికి పోయే దారిలోనూ ఇదే వైభవం. కారుకు ఎదురుగా కొబ్బరి లోడు ట్రాక్టరు వస్తే రెండింటిలో ఒకటి వెనక్కి పోవాలి. ఏది పోవాలన్నది తేలేలోపు కారులోని పెద్దావిడ విష్ణుసహస్రనామం పూర్తిచేస్తుంది. రావులపాలెం నుంచి వాడపల్లికి ఏ బస్సు ఎప్పుడుందో ఆమె మనవడి ఫోనులో కనబడి ఉంటే ఈ పారాయణ జరిగేదా?

పర్యాటకం వల్ల గాలిలో కలిసే కర్బనంలో పెద్ద వాటా రాకపోకలదేనని నిపుణులు చెబుతారు. కాదనను. అయితే ఆ వాటాను తగ్గించడానికి మన దగ్గర అంతకంటే ఘనమైన మార్గాలు సిద్ధంగా ఉన్నాయి: రిసార్టు గదిలో తువ్వాలు రోజూ మార్చవద్దని చిన్న చీటీ పెట్టడం, ప్లాస్టిక్ స్ట్రా బదులు కొబ్బరి బోండాంలో కాగితం స్ట్రా గుచ్చడం, ప్రవేశద్వారం దగ్గర "పర్యావరణాన్ని కాపాడుదాం" అన్న ఫ్లెక్సీ కట్టడం. ఆ ఫ్లెక్సీ పక్కన బస్సు వేళలు రాయడానికి జాగా ఉన్నప్పటికీ, ఇప్పటికే నాయకుల ఫొటోలతో అది నిండిపోయింది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు, రోడ్లు, పార్కింగు స్థలాల గురించి సమీక్షలు జరుగుతాయి. ఆ సమీక్షల్లో ఎవరైనా ఉత్సాహవంతుడైన యువ అధికారి లేచి, ఘాటు నుంచి ఘాటుకు తిరిగే బస్సుల వేళలనూ, పంట్ల వేళలనూ, వరద వస్తే ఏది ఆగుతుందో ఏది నడుస్తుందో అన్న వివరాన్నీ క్యూసెక్కుల లెక్క చూపే తెర మీదే చూపిస్తే ఎలా ఉంటుందని అడగవచ్చు. అతన్ని మెత్తగా కూర్చోబెట్టి, పార్కింగు స్థలం ఎన్ని ఎకరాలు పెంచాలో లెక్క వేయమని అప్పగించవలసిందిగా నా మనవి. లెక్కలంటే ఇష్టమున్న కుర్రవాడు, సంతోషిస్తాడు.

ఇంత చెప్పినా పట్టువదలక కోనసీమకు బస్సులోనే వచ్చి తిరుగుతామనే మొండివారు కొందరు ఎప్పుడూ ఉంటారు. వారిని నిరాశపరచడం మన ఆతిథ్యానికి తగదు. వారు రావులపాలెంలో దిగి, సెంటరులో వరసగా నిలిచి ఉన్న ఆటోవాళ్ళలో ఎవరినైనా అడగవచ్చు. తమరు ఎక్కదలచుకున్న బస్సు ఏదైనా సరే, అది ఇప్పుడే వెళ్ళిపోయిందని వారు ఎంతో మర్యాదగా చెబుతారు.