పోషకాహార దినోత్సవం: పొరపాటున కూడా ఎవరూ బలపడకుండా జరిపే విధానం

ఉత్తరాంధ్ర బలానికి కొత్తగా రుజువులేమీ అక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇనప గొలుసులు తెంచి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని మన తరఫున ఆ బాకీ ఎప్పుడో తీర్చేశారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ సంగతి సరేసరి, వెయిట్‌లిఫ్టర్లకు అది పుట్టిల్లు. ఇంతమంది ఇన్ని ఎత్తేశాక ఇప్పటి గుంటలకు మిగిలిన బరువు ఒక్కటే, పుస్తకాల సంచి. అది పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. అంటే 25 కిలోల గుంటడికి రెండున్నర కిలోలు. మన బడులు అంత తక్కువ బరువుతో జిల్లా పరువు తీయవు.

అయినా ఏటా సెప్టెంబరు వస్తుంది, పోషణ మాసం వస్తుంది, ఏదో ఒక రోజు దినోత్సవం జరిపి ఫొటోలు పంపక తప్పదు. ఏమాత్రం ఏమరుపాటుగా ఉన్నా ఆ రోజు పిల్లలు నిజంగానే తినేసి, పరుగెత్తేసి, రికార్డుల్లో లేని సమస్యలు తెచ్చిపెడతారు. అందుకే నిర్వాహకులకు ఈ సూచనలు.

మొదటి జాగ్రత్త చార్టు విషయంలో. సమతులాహారం బొమ్మలో ఆపిల్, బ్రకోలీ, ఒక గ్లాసు పాలు, నున్నటి క్యారెట్ ఉండాలి. జామకాయను దగ్గరికి రానివ్వకండి. 100 గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది, ఆపిల్‌లో ఐదారు మించదు. ఈ సంగతి గోడమీద రాస్తే మధ్యాహ్నానికల్లా పక్కింటి చెట్టు ఖాళీ అవుతుంది, తగవు మీ మెడకు చుట్టుకుంటుంది. మునగాకు, ఉలవలు, ముల్లుతో సహా నమిలే ఎండు నెత్తళ్లు కూడా అంతే ప్రమాదకరం. అవి ఇంట్లో దొరుకుతాయి. దొరికే వస్తువును చార్టులో పెడితే తినమన్నట్టే అర్థం చేసుకుంటారు పిల్లలు.

ఇక చోళ్లు, అంటే రాగులు. తాతలు అంబలి తాగితే వెనకబాటుతనం అన్నాం, 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయ్యాక అదే అభ్యుదయం అంటున్నాం. ఈ రెంటికీ మధ్య రాజీమార్గంగా దుకాణాల్లో రాగి బిస్కెట్లు వచ్చాయి. ప్యాకెట్టు వెనక పదార్థాల జాబితా మాత్రం చదవనివ్వకండి. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలని నిబంధన. అక్కడ మైదా, చక్కెర, పామాయిల్ దాటాక ఎక్కడో రాగిపిండి కనిపిస్తే, ముందువైపు ముద్రించిన పచ్చని కంకి బొమ్మకు మర్యాద తగ్గుతుంది.

బడిలో కాచే రాగి జావ నిర్వాహకులకు అసలైన పరీక్ష, ఎందుకంటే సరిగ్గా కాస్తే పిల్లలు రెండో గ్లాసు అడుగుతారు. యాభై మందికి తలా 150 మిల్లీలీటర్ల చొప్పున ఏడున్నర లీటర్ల నీళ్లు, అరకిలో పిండి, అరకిలో బెల్లం సరిపోతాయి. పిండిని ముందుగా రెండు లీటర్ల చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మిగతా నీళ్లు మరిగాక అందులో పోస్తూ తిప్పుతూ, సన్నని మంట మీద ఎనిమిది పది నిమిషాలు ఉడికిస్తే పచ్చివాసన పోతుంది. బెల్లం విడిగా కరిగించి, గుడ్డలో వడగట్టి, పొయ్యి ఆపాక కలపాలి. మొలకెత్తించిన చోళ్ల పిండి అయితే జావ చల్లారినా అంతగా గట్టిపడదు. ఇదంతా తెలిసిన ఆయమ్మ ఉంటే ఆమెను ఆ రోజు అతిథుల టీ పనికి పంపించడం క్షేమం.

తర్వాత పని సులువు. మరిగే నీళ్లలో పొడిపిండి ఒక్కసారిగా కుమ్మరించండి. పైన ఉడికి లోపల పచ్చిగా ఉన్న ఉండలు తయారవుతాయి. బెల్లం వడగట్టకండి, ఇసుక పళ్ల కింద పడాలి. పిండి బస్తాను నేలమీద తడిగోడకు ఆనించి ఉంచితే ముక్కవాసన దానంతటదే వస్తుంది. పొగలు కక్కే జావను స్టీలు గ్లాసుల్లో పోసి, పది నిమిషాల విరామంలో తాగమనండి. పట్టుకుంటే చేయి కాలుతుంది, ఆగితే బెల్లు కొడుతుంది. "ఇదేటి మాస్టారూ, బంకలాగుంది" అని ఎవరైనా అంటే "మన పిల్లలకు చిరుధాన్యాలు నచ్చవు" అని రిపోర్టులో రాయొచ్చు. అది శాస్త్రీయ పరిశీలన కింద లెక్క.

గుడ్డుకు ఇంత శ్రమ అక్కర్లేదు. అరగంట ఉడికించి అదే వేడినీళ్లలో వదిలేస్తే పచ్చసొన చుట్టూ బూడిద రంగు, ఆకుపచ్చ కలిసిన వలయం ఏర్పడుతుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి చేసే పని అది. హాని లేదు, కానీ చూడగానే సగం మంది పక్కన పెడతారు. మరగడం మొదలయ్యాక పది పన్నెండు నిమిషాలకు దించి, చన్నీళ్లలో వేస్తే ఆ వలయం రాదు, పెంకు కూడా తేలిగ్గా ఊడుతుంది. కాబట్టి చన్నీళ్ల బకెట్ దాచేయండి. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతులకు రోజుకు 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని లెక్క ఉంది. అందులో సుమారు సగం ఈ ఒక్క గుడ్డే మోస్తోందని తెలిస్తే కొందరికి అనవసరంగా మనసు కష్టపడుతుంది.

ఐరన్ మాత్రలది కూడా తేలిక వ్యవహారం. పరగడుపున మింగించండి. కడుపులో తిప్పుతుంది, ఒకరిద్దరు వాంతి చేసుకుంటారు, వచ్చే వారం నుంచి మాత్రలు కిటికీ బయట దొరుకుతాయి. భోజనం తర్వాత ఇచ్చి, పైన ఒక ఉసిరికాయ ముక్కో నిమ్మరసం నీళ్లో ఇచ్చి, గంట సేపు టీ తాగొద్దని చెప్పారంటే మాత్రం ఆ ఇనుము ఒంటికి పట్టే అవకాశం ఉంది. సబ్బు హెడ్మాస్టరు గారి బీరువాలో భద్రంగా ఉండాలి. పాత వల సంచిలో వేసి కుళాయికి వేలాడదీస్తే చేతులు కడుక్కుంటారు, సబ్బు అరిగిపోతుంది.

ఇప్పుడు గేటు బయటికి రండి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి గేటు నుంచి ఏ దిక్కునైనా 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. యాభై మీటర్లంటే పెద్దవాళ్ల అడుగుల్లో డెబ్భై చిల్లర. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల గానీ, విజయనగరం గంటస్తంభం దగ్గర సందుల్లో గానీ డెబ్భై అడుగులు వేస్తే రెండు బడులు, నాలుగు కిరాణాలు, ఒక కోచింగ్ సెంటర్ దాటిపోతాం. ఇలాంటి చోట టేపు పట్టుకుని తిరగడం ఊరి నిర్మాణాన్ని అవమానించడమే. పైగా దుకాణం గేటుకు పన్నెండు అడుగుల్లో ఉండటం పిల్లల మీద దయ, ఎండలో నడక తప్పుతుంది.

ఆ దుకాణంలో పిల్లలకు లెక్కలు నేర్పకండి. కోలా రకం పానీయం సీసా మీద 100 మిల్లీలీటర్లకు చక్కెర 10, 11 గ్రాములని ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా అంటే 27 గ్రాముల దాకా, అయిదు చెంచాల పైన. రోజంతటికీ 25 గ్రాములు దాటకుండా ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది పెద్దవాళ్లకు. గుంటలు పెద్దవాళ్ల వాటాను రీసెస్‌లోనే పూర్తి చేస్తున్నారంటే వాళ్ల ముందుచూపుకు సంతోషించాలి. చిప్స్ ప్యాకెట్టు మీద సోడియం అంకె చూపించి, దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తేలుతుందని చెప్పకండి. ఆరో తరగతి గుంటలకు దశాంశాలు వచ్చేస్తాయి. సువర్ణరేఖ కాసే జిల్లాలో వేసవి మామిడిని గోనెసంచుల్లో వదిలేసి, మామిడి బొమ్మ ఉన్న డబ్బా కొనే పిల్లవాడికి ఆ డబ్బా మీద గుజ్జు శాతం ఎంతో చదివి వినిపించడం మరీ క్రూరం.

చివరి పెద్ద ముప్పు ఆటస్థలం. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలట, ఎముకకూ కండకూ బలాన్నిచ్చే ఆటలు వారానికి మూడు రోజులైనా ఉండాలట. మనం దీన్ని వారానికి రెండు గేమ్స్ పీరియడ్లుగా కుదించాం, అందులో ఒకటి లెక్కల మాస్టారిది. మిగిలిన నలభై నిమిషాలను అదుపులో పెట్టే మార్గం క్రికెట్. నలభై మందికి ఒక బ్యాటు, ఒక బంతి ఇవ్వండి. ఒకడు కొడతాడు, ఒకడు విసురుతాడు, ముప్ఫై ఎనిమిది మంది నిలబడి ఎండను పరిశీలిస్తారు. ఫుట్‌బాల్ అయితే ఇంకా భద్రం, పంపు ఉంటుంది, సూది ఉండదు.

పొరపాటున కూడా ఎనిమిదేసి మందిని గుంపులుగా విడదీయకండి. సుద్దముక్కతో అయిదు చోట్ల తొక్కుడుబిళ్ల గళ్లు గీయడం, ఏడుపెంకులాటకు పగిలిన పెంకులు ఏరడం, చెడుగుడుకు గీత గీయడం, ఇవన్నీ ఖర్చు లేకుండా అందరినీ ఒకేసారి పరుగెత్తిస్తాయి. నైలాన్ తాడు కొని, మధ్యలో పాదంతో తొక్కి పైకి లాగితే రెండు కొసలూ చంకల దాకా వచ్చేలా కోసిచ్చారా, ఆడపిల్లలు విరామంలో పావుగంట గెంతుతారు, ఎముకల సంగతి అదే చూసుకుంటుంది. ప్రార్థన ముందు పావుగంట, విరామంలో పావుగంట, బడి వదిలాక అరగంట కలిపితే అరవై నిమిషాలు నిండిపోయే ప్రమాదం ఉంది. మార్చిలో ఒంటిపూట బడులు వచ్చాక ఎండ పేరు చెప్పి మొత్తం ఆపేయొచ్చు, పొద్దున్నే చల్లగా ఉంటుందని ఎవరూ గుర్తుచేయకపోతే.

దినోత్సవం రోజు సభ గంటన్నర ఉండాలి, పిల్లలు కదలకుండా కూర్చోవాలి, అంశం చురుకైన జీవనశైలి. చిత్రలేఖనంలో నెగ్గిన గుంటకు చాక్లెట్ డబ్బా ఇవ్వండి. తాడో బంతో ఇస్తే వాడుతుంది.

మిగిలింది ఎత్తు, బరువుల రిజిస్టరు. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తలమీద అట్టముక్క అడ్డంగా పెట్టి జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి కొలిస్తే ఎవరు ఎదగడం లేదో బయటపడుతుంది. దానికి బదులు కిందటేటి అంకెకు అందరికీ అయిదు సెంటీమీటర్లు కలపడం ఆనవాయితీ. అమ్మానాన్నల వెంట జూన్‌లోనే టీసీ తీసుకుని చెన్నై వలస పోయిన నాలుగో తరగతి గుంటడు కూడా ఆ రిజిస్టరులో ఈ ఏడాది అయిదు సెంటీమీటర్లు పెరిగాడు.